కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమల మౌఖిక చరిత్ర: లక్ష్యనిర్ణయము

శాస్త్రారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నాలుగింటిని నిరూపించుట మన ప్రాచీన గ్రంథకర్తల సంప్రదాయము. వీనికి అనుబంధ చతుష్టయమని పేరు. ఏమి చెప్పబడుచున్నదో, ఎందులకు చెప్పబడుచున్నదో, ఎవరికొఱకు చెప్పబడుచున్నదో తెలియనిదే బుద్ధిమంతుడు గ్రంథమున బ్రవేశింపడని దీని భావము. ఈ నియమము గ్రంథరచనకే కాక చరిత్రసామగ్రిని సేకరించు పనికిని వర్తించును. వృద్ధుల నోట పూర్వవృత్తాంతములను విని, వారి మాటలలోనే భద్రపఱచు మౌఖిక చరిత్రయం దిది మఱింత యావశ్యకము. ఏలయన శాసనము శిలపై నిలిచియుండును. నేడు చదువకున్న మఱియొకనాడు చదువవచ్చును. మాట యట్టిది కాదు. అడుగదగిన ప్రశ్నను సకాలమున నడుగకున్న నుత్తరము వక్తతోడనే యంతరించును. ధ్వనిని ముద్రించు సాధనము నేడు ప్రతివాని చేతి ఫోనునందే యుండుటచే సేకరణము సులభమైనది. లక్ష్యనిర్ణయము మాత్రము సులభము కాలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలను నిదర్శనముగ గైకొని యీ నాలుగు అనుబంధములను విచారించుట యీ వ్యాసమున నుద్దిష్టము.

సీమ స్వరూపము

కామారెడ్డి, ఎల్లారెడ్డి పూర్వము హైదరాబాదు రాజ్యమునందలి నిజామాబాదు జిల్లాలో తాలూకా కేంద్రములు. 2016 అక్టోబరు 11 న కామారెడ్డి జిల్లా యేర్పడగా ఎల్లారెడ్డి యందొక రెవెన్యూ డివిజను కేంద్రమైనది. సికిందరాబాదునుండి మన్మాడునకు బోవు రైలుమార్గము 1901 నాటికి పూర్తియయ్యెను. కామారెడ్డి యా మార్గముననే కలదు. ఎల్లారెడ్డి రైలునకు దూరమై మంజీరా తీరభూములకు జేరువగ నున్నది. కామారెడ్డికి సమీపమున దోమకొండ సంస్థానపు కోట కలదు. ఆ కోట పునరుద్ధరణమునకు 2022 లో యునెస్కోవారి ఆసియా–పసిఫిక్ పురస్కారము లభించినది. కోటగోడకు దక్కిన యాదరము కోట చుట్టునున్న యూళ్ల మాటకు నింకను దక్కవలసియున్నది.

ఈ సీమ చరిత్రమున నీటికథయే ప్రధానము. మంజీర యుపనదిపై పోచారము చెఱువు 1922 నాటికి పూర్తియయ్యెను. మఱుసటి యేట, అనగా 1923 లో, మంజీరపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల నడుమ నిజాంసాగరము ఆరంభింపబడి 1931 లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగు దీని ప్రధాన నిర్మాత. సంకల్పింపబడిన యాయకట్టు 2,75,000 ఎకరములు. ఆనకట్టకు ఎగువనున్న గ్రామములు నీటిపాలయ్యెను. పంటనీరు దిగువనున్న బాన్సువాడ, బోధను, నిజామాబాదు భూములకు బాఱెను. ఆ నీటిని నమ్మి తీరాంధ్రమునుండి వచ్చిన కర్షకులు స్థిరపడిన పల్లెలు నేటికిని ‘క్యాంపు’లనియే పిలువబడుచున్నవి. 1937 లో బోధనున చక్కెర కర్మాగారము వెలసెను. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన సైనికచర్యతో నిజాము రాజ్యము ముగిసెను. 1949 లో జాగీరులును, 1984 లో పటేలు పట్వారీల వ్యవస్థయు రద్దయ్యెను. బీడీలు చుట్టి సంసారము నడిపిన స్త్రీలు, గల్ఫు దేశములకు వలసపోయిన కూలీలు ఈ సీమ యర్వాచీన చరిత్రమునకు వేఱొక ముఖము.

ఈ మార్పులను గూర్చి వ్రాతలు లేకపోలేదు. ఇంజనీర్ల నివేదికలయందు ఎకరములును అడుగులును కలవు. సేత్వారులయందు సర్వే నంబరులును, పహాణీలయందు సాగుచేయువారి పేర్లును కలవు. కాని మునిగిన యూరి బొడ్రాయి యేమైనదో, ఊరు విడుచునాడు ఎవరెటు పోయిరో, పరిహారపు సొమ్ము పట్టాలేని కూలివానికి ముట్టెనో లేదో యా కాగితములు చెప్పవు. చెప్పవలసినది మనుష్యులే.

ప్రయోజనము

సేకరణమువలని ప్రయోజనమేమి? లిఖితచరిత్రలోని ఖాళీలను బూరించుట యని సామాన్యముగ ననుకొందురు. ఇది నిజమే యైనను చాలదు. ఖాళీని బూరించు మాట యెట్టిదో తెలియవలెను గదా. ఈ విషయమున వ్యాకరణశాస్త్ర మొక దారి చూపుచున్నది.

సంస్కృతమున భూతకాలమును దెలుపు లకారములు మూడు: లుఙ్, లఙ్, లిట్. నేటిది కాక, వక్త కంటబడక జరిగిన దానికి పాణిని లిట్టును విధించెను. ఆ సూత్రభాష్యమున పతంజలి ‘పరోక్ష’ మనగా నేమని విచారించి పలువుర మతములను జూపెను. నూఱేండ్ల క్రింద జరిగినది పరోక్షమని కొందఱు, వేయేండ్ల క్రిందిదని కొందఱు, గోడయో చాపయో యడ్డమున్న చాలునని కొందఱు, రెండు మూడు దినముల క్రిందిదని కొందఱు. అంతటితో నాగక, కన్నులెదుట జరిగినదియు మనస్సు నిలుపనివానికి పరోక్షమే యగునని యొక నిదర్శనము చెప్పెను. వైయాకరణుడైన శాకటాయనుడు రథమార్గమున గూర్చుండియు ఎదుట బోవుచున్న బండ్ల బారును గమనింపలేదట. సాక్షి యచట నుండుటకును, సాక్షి యెఱుగుటకును గల భేదము నింతకంటె స్పష్టముగ జెప్పుట కష్టము.

మఱియొక విశేషము. తాను చూడకున్నను తన కాలమున జరిగి, చూడదలచిన చూడగలిగియుండి, లోకమున బ్రసిద్ధమైన దానిని చెప్పునపుడు లఙ్ ప్రయోగింపవలెనని వార్తికకారుడు నియమించెను. దీనికి భాష్యకారుడు యవనుడు సాకేతమును ముట్టడించిన సంగతి నుదాహరించెను. ఆ యుదాహరణమున లిట్టుకు బదులు లఙ్ ఉండుటనుబట్టియే యా ముట్టడి పతంజలి కాలపుదని చరిత్రకారు లూహించి, ఆయనను క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమున నిలిపిరి. ఒక క్రియాపదముయొక్క రూపము కాలనిర్ణయమునకు సాధనమైనది! ఎవడైన లేఖకుడు ‘అర్థమొక్కటియే గదా’ యని యా లఙ్ ను లిట్టుగ దిద్దియుండినచో నీ సాధనము నష్టమైయుండెడిది.

తెలుగున నిట్టి లకారభేదము లేదు. కాని ‘అట’ యను చిన్న పదమొకటి కలదు. కామారెడ్డి పల్లెలలో నది ‘అంట’ యని వినబడును. ‘ఊరు మునిగెను’ అనుటకును ‘ఊరు మునిగెనట’ అనుటకును మహాంతరము. మొదటిది చూచినవాని మాట. రెండవది విన్నవాని మాట. నిజాంసాగర తీరమున నొక వృద్ధురాలు “మా తాతల ఊరు గా నీళ్ల కిందనే ఉండెనంట” అనినదనుకొందము. సంగ్రాహకుడు దానిని ‘వీరి పూర్వుల గ్రామము జలాశయమున మునిగినది’ అని వ్రాసికొనెను. తప్పేమియు వ్రాయలేదు, ఐనను రెండు వస్తువులు పోయినవి. ‘అంట’ పోయినది, కావున నామె చూచినదో విన్నదో తెలియదు. ‘గా నీళ్ల’ పోయినది. కావున నామె చేయి చూపిన చోటు తెలియదు.

స్మృతి నమ్మదగినది కాదనియు, వృద్ధులు తేదీలు తాఱుమాఱు చేయుదురనియు నాక్షేపింపవచ్చును. దీనికి ఇటలీ దేశమున నొక ప్రసిద్ధమైన సమాధానము కలదు. తెర్ని పట్టణమున లూయిజీ త్రస్తుల్లి యను ఉక్కుకర్మాగారపు కార్మికుడు 1949 మార్చి 17 న, నాటో సంధిని నిరసించు ఊరేగింపున పోలీసులచే జంపబడెను. అలెస్సాండ్రో పోర్తెల్లి యను పండితుడు తరువాత నా పట్టణపు కార్మికుల నడుగగా, ననేకులు ఆ మరణము 1953 లో, వేలకొలది కార్మికులను పనినుండి తొలగించినప్పటి కలహములలో జరిగినదని చెప్పిరి. తేదీ తప్పు, కాని యా తప్పు నిరర్థకము కాదు. తమ జీవనమును గూల్చిన ఘట్టముతో నా మరణమును జేర్చి జ్ఞాపకముంచుకొనిరని పోర్తెల్లి నిరూపించెను. తేదీని కాగితము చెప్పును. ఆ సంఘటన జనులకు ఏమైనదో స్మృతి చెప్పును. ఈ రెంటిని వేఱుగ నుంచి పోల్చుటయే పరిశోధకుని పని. తప్పును మొదటనే దిద్దిన పోల్చుటకేమియు మిగులదు.

కావున ప్రథమ లక్ష్య మిట్లు నిర్ణయింపదగును: ఏమి జరిగెనో యనుటతోబాటు, అది వక్తకు ఎట్లు తెలిసెనో యనునది ప్రతి వాఙ్మూలమునందును నిలువవలెను. లిఖితాధారములలో చోటుదొరకని వారి యనుభవమును గ్రహించుట రెండవ లక్ష్యము. గ్రహించినదానిని ఆ సీమ ప్రజలకే తిరిగి యందించుట మూడవది.

విషయము

లక్ష్యము నిర్ణయమైన పిదప విషయమునకు ఎల్లలు వేయవలెను. ‘కామారెడ్డి చరిత్రయంతయు’ అనునది విషయము కాజాలదు. ఏ సంఘటనకు నేటికిని కన్నవారు కలరు, దేనికి విన్నవారు మాత్రమే కలరు అని లెక్కచూచిన, పని క్రమము తనంతట తేలును.

నిజాంసాగర నిర్మాణము 1931 లో ముగిసినది. దానిని బుద్ధితెలిసి చూచినవారు నేడు దొరకుట దుర్లభము. దొరకునది బిడ్డలును మనుమలును విన్న పరంపర. 1948 నాటికి పదేండ్ల ప్రాయముగలవారు 1938 లో జన్మించినవారు. వారును తొంబదికి జేరువయైరి. పటేలు పట్వారీల కచ్చేరి నెఱిగినవారు, తొలితరము గల్ఫు వలసదారులు మాత్రము పెక్కురు కలరు. ఈ మూడు శ్రేణులకు మూడు విధములైన ప్రశ్నలు కావలెను. మొదటిశ్రేణి వారిని ‘ఏమి జరిగెను?’ అని కాక ‘ఎవరు చెప్పగా వింటిరి, ఎప్పుడు, ఏ సందర్భమున?’ అని యడుగవలెను. రెండవశ్రేణి వారిని ఆలస్యము చేయక యడుగవలెను. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనను సామెత యీ పనికే పుట్టినట్లున్నది. మూడవశ్రేణి కొంత నిదానమునకు దాళును.

రెండవశ్రేణికి జెందిన విషయమొకటి యీ రెండు సీమలను గలుపుచున్నది. టి. ఎన్. సదాలక్ష్మి 1957 లో కామారెడ్డినుండియు, 1962 లో ఎల్లారెడ్డినుండియు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యెను. పారిశుద్ధ్యపుపని కులవృత్తిగ నంటగట్టబడిన కుటుంబమున 1928 లో జన్మించిన యీమె 1960 మొదలు 1962 వఱకు శాసనసభ యుపసభాపతిగ నుండి, పిదప దేవాదాయశాఖామాత్యురాలయ్యెను. ఎవరిని గుడివాకిట నిలిపివేసిరో వారి యాడుబిడ్డ గుళ్ల పాలనకు మంత్రియైన సంగతి సామాన్యమైనది కాదు. 2004 లో నామె గతించెను. గోగు శ్యామల మౌఖిక వాఙ్మూలముల యాధారమున రచించిన ‘నేనే బలాన్ని: టి. ఎన్. సదాలక్ష్మి బతుకు కథ’ యను గ్రంథమును 2011 లో హైదరాబాదు బుక్ ట్రస్టువారు ప్రకటించిరి. శాసనసభ దస్త్రములలో నొక పేరును కొన్ని సంవత్సరములును మాత్రమే యైయుండదగిన జీవితము ఆ గ్రంథముచే మాటతో నిలిచినది.

ఆ గ్రంథమునకు జతగా నీ సీమలయందు చేయవలసిన పని కలదు. అది యామెను ఎన్నుకొన్న గ్రామముల జ్ఞాపకము. నాడు ఓటుహక్కునకు 21 ఏండ్లు నిండియుండవలెను. ఆ నియమము 1989 వఱకు నుండెను. కావున 1957 లో కామారెడ్డిన ఓటువేసినవారు 1936 లోనో అంతకుముందో జన్మించినవారే. 1962 లో ఎల్లారెడ్డిన ఓటువేసినవారు 1941 లోనో అంతకుముందో జన్మించినవారే. ఓటు ఎట్లు వేసితిరి, ఎవరు వేయుమనిరి, వలదనినవారెవరు, ఆమె యూరికి వచ్చిననాడు ఎవరి యింట నీరు ద్రావెను, వాడనుండి యెవరు ఎదురేగిరి అను ప్రశ్నలకు ఉత్తరము చెప్పగలవారు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. ఓట్ల సంఖ్య ఎన్నికల నివేదికలో నెప్పుడును దొరకును. ఈ యుత్తరములు దొరకవు.

అధికారి

వాఙ్మూలమిచ్చుటకు అధికారి యెవడు? చదువుకొన్నవాడా, ఊరిపెద్దయా? న్యాయశాస్త్రము ఆప్తవాక్యమును శబ్దప్రమాణమనుచున్నది. వస్తువును సాక్షాత్తుగ నెఱిగి, యెఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడని వాత్స్యాయనుడు వివరించి, యీ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమని స్పష్టపఱచెను. జాతిగాని విద్యగాని యచట బ్రస్తావింపబడలేదు. ఎఱుక మాత్రమే ప్రస్తావింపబడినది. ఐతిహ్యమును గూడ శబ్దమునందే చేర్చుచు, మొదట చెప్పినవాడు ఫలానాయని నిర్దేశింపబడని జనవాదపరంపర యైతిహ్యమని యాయన లక్షణము చెప్పెను. మునిగిన యూళ్ల కథ నేడు ఐతిహ్యమైనది. ఎన్నికల కథ యింకను ఆప్తవాక్యముగనే యున్నది. ఈ భేదము నెఱుగుట సంగ్రాహకునికి తొలిపాఠము.

పాశ్చాత్యదేశములందును ఈ విషయమున దృష్టి క్రమముగ విస్తరించినది. అమెరికాయందు కొలంబియా విశ్వవిద్యాలయమున అలన్ నెవిన్సు 1948 లో మౌఖిక చరిత్ర కార్యాలయమును నెలకొల్పినపుడు ప్రముఖుల వాఙ్మూలములకే ప్రాధాన్యముండెను. తెలుగునాట హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన 1986 లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథమును వెలువరించి, తెలంగాణ రైతాంగ పోరాటమున బాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే వినిపించెను. పోరాటచరిత్రములు అంతకుముందును కలవు. ఆ స్త్రీల మాటలతో నా చరిత్రమునకు వంటయిల్లు, పురుడు, బిడ్డను విడుచుట, పోరాటానంతరము ఇంటికి మరలుట యనునవి చేరెను. కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలలో బీడీకార్మిక స్త్రీ, చెఱువునీటిని పంచు నీరటికాడు, గాంధారి, లింగంపేట ప్రాంతపు తండాల లంబాడీలు, వెట్టిచేసిన కుటుంబములవారు, గడీలలో నెదిగినవారు, క్యాంపులకు వచ్చినవారు ఎల్లరును అధికారులే. ఒకే సంగతిని గడీలోపలివాడు నొక తెఱగునను, గడీవాకిట నిలిచినవాడు వేఱొక తెఱగునను చెప్పును. రెండును గ్రహింపవలెను.

సంగ్రాహకుడును అధికారియై యుండవలెను. గ్రామములయందు ఈ పనికి సహజముగ లభించువారు పాఠశాలల యుపాధ్యాయులు, విశేషించి భాషాపండితులు. వారికి ఊరు తెలియును, వారిని ఊరెఱుగును. కాని వారి గుణమే యిచట దోషమగు ప్రమాదము కలదు. దిద్దుట వారి వృత్తి. చెఱువు నిండి పొరలు చోటును ఈ సీమవారు ‘మత్తడి’ యందురు. వేఱుసీమలలో ‘అలుగు’, ‘కలుజు’ అందురు. చెఱువుగర్భపు భూమి యిచట ‘శిఖం’. పండితుడు ‘మత్తడి’ని ‘అలుగు’గ మార్చి, ‘శిఖం’ను పొరపాటని తలచి తొలగించి, వాక్యమును సంధిసమాసములతో నలంకరించినచో భాష మెఱుగగును, సాక్ష్యము చచ్చును. వ్యాకరణము లక్ష్యమును అనుసరించునే కాని లక్ష్యమును శాసింపదని వైయాకరణులే చెప్పుదురు. జనుల నోటిమాట యిచట లక్ష్యము. లంబాడీలో జెప్పినది లంబాడీలోను, ఉర్దూలో జెప్పినది ఉర్దూలోను, మద్నూరు, జుక్కలు వైపున మరాఠీ కన్నడములు కలిసిన తెలుగున జెప్పినది యట్లే ముద్రితము కావలెను. అనువాదము దాని ప్రక్కన నుండవచ్చును. దాని స్థానమున నుండరాదు.

సంబంధము

శాస్త్రములలో సంబంధమనగా గ్రంథమునకును విషయమునకును గల సంబంధము. ఇచట దానితోబాటు వక్తకును సంగ్రాహకునికిని గల సంబంధమును జెప్పవలెను. అడుగువాడు తీసికొనిపోవును, చెప్పువాడు కోల్పోవును అను స్థితి రాగూడదు. ఎందులకడుగుచున్నారో, మాట యెచట దాచబడునో, ఎవరు విందురో ముందుగ వక్తకు దెలుపవలెను. పేరు మఱుగుపఱచుమనినను, కొంతభాగమును తన జీవితకాలమున వెల్లడింపవలదనినను, చెప్పినపిదప వలదనినను ఆ కోరికను మన్నింపవలెను.

1948 వృత్తాంతములను గూర్చి యడుగునపుడు ఈ జాగరూకత యింకను మిక్కుటముగ నుండవలెను. రజాకార్ల దౌర్జన్యములకు లోనైన గ్రామములు కలవు. సైనికచర్య తరువాత ముస్లిములపై జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ సంఘము మృతుల సంఖ్యను 27,000 మొదలు 40,000 వఱకు నంచనా వేసెను. ఆ నివేదిక దీర్ఘకాలము బహిరంగము కాలేదు. అందు మిక్కిలి దెబ్బతిన్నవిగ జెప్పబడిన జిల్లాలలో నాందేడు, బీదరులు ఈ సీమకు బడమటి యిరుగుపొరుగులు. కావున నీ సీమ వృద్ధుల హృదయములలో రెండు విధములైన గాయములును ఉండవచ్చును. ఒకదానిని మాత్రమే వినదలచి వచ్చినవాడు వినకుండుటయే మేలు. చెప్పలేక యాగినపుడు యంత్రమును నిలిపివేయుటయు, మౌనమును మౌనముగనే గుఱుతించుటయు సంగ్రాహకుని ధర్మము.

ఆచరణక్రమము

ఈ నాలుగింటిని నిర్ణయించిన పిదప ఆచరణము కష్టము కాదు. తొలుత ఎగువ మునకప్రాంతపు గ్రామమొకటి, దిగువ యాయకట్టు గ్రామమొకటి, తండా యొకటి, బీడీకార్మికుల వాడ యొకటి, దోమకొండ పరిసరగ్రామమొకటి మాత్రమే కైకొని, ప్రశ్నలను పరీక్షించి, ఫలింపని ప్రశ్నలను మార్చుకొనవలెను. ప్రతివక్తకడకు రెండుమాఱులు పోవలెను; మొదట వినుటకు, రెండవమాఱు వ్రాతప్రతిని చదివి వినిపించుటకు. పంచాంగపు తేదీ నడుగుటకంటె ఏ పంట చేనున నుండగా, ఏ బిడ్డ పుట్టకముందు అని యడిగిన కాలము బాగుగ దేలును. ప్రతిలో చూచినది, విన్నది, అందఱు చెప్పుకొనునది అను మూడు గుఱుతులు ప్రక్కన వేయవలెను. ధ్వనిప్రతులు కనీసము రెండు తావుల నుండవలెను. అందొకటి యా సీమలోని గ్రంథాలయముననో పాఠశాలయందో యుండవలెను. సేత్వారు, పహాణీ, ఎన్నికల నివేదికలతో పోల్చిచూచుట పిదపటి పని. భేదము కనబడినచోట వాఙ్మూలమును దిద్దక, భేదమును వ్రాసియుంచవలెను.

శాకటాయనుడు పండితుడు, ఐనను ఎదుట బోవు బండ్లను గమనింపలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పాఠశాలల ముందుగ ప్రతిదినమును నడచిపోవు వృద్ధుల వరుసయు నట్టిదే. ఆ బారు దాటిపోయిన పిదప మిగులునది ‘అట’ మాత్రమే. ‘చూచితిని’ అని చెప్పగలవా రింకను కొందఱున్నారు. వారి కడకు పండితులు పోవుట యుచితము.